శుక్రవారం జ్వరం

"అబద్ధాలు నా నోట రావు. బడికి ఫోన్ నువ్వే చెయ్యి," అన్నాడు కీత్.

లోర్నా టీ కప్పును ఠక్కున బల్ల మీద పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కే మెట్లు నిచ్చెనలా నిటారుగా లేని హోటల్ గది కోసం మూడు వారాలు కళ్లు పోయేలా వెతికిందెవరు? పిల్లలిద్దరికీ కిటికీలోంచి కాలువ కనబడాలని పట్టుబట్టిందెవరు? సెలవుల వారంలో అదే గది రెట్టింపు ధర అని తెలిసి, శుక్రవారం వెళ్లి సోమవారం తిరిగొచ్చేలా లెక్క కుదిర్చిందెవరు? తీరా విమానానికి మూడు గంటలుందనగా ఈయనగారికి నిజాయితీ గుర్తొచ్చింది.

"టికెట్లు కొన్నప్పుడు ఎక్కడికి పోయింది ఈ నిజాయితీ?"

"అప్పటికి అబద్ధమాడే రోజు రాలేదుగా," అన్నాడతను సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతూ.

అతనిదేం పోయింది. బడి నడిచే రోజుల్లో పిల్లల్ని ఊళ్లు తిప్పితే జరిమానా పడుతుంది, అది ఎలాగో భరించొచ్చు. కానీ లోర్నా పనిచేసేది ఆ బడి వంటగదిలోనే. దొరికిందంటే ఆమె ఉద్యోగం ఊడుతుంది. పైగా హెడ్మిస్ట్రెస్ మిసెస్ పిక్‌ఫోర్డ్ మామూలు ఘటం కాదు. జ్వరమని కబురు పెట్టిన ప్రతి ఇంటికీ తనే స్వయంగా ఫోన్ చేస్తానని పోయిన నెల తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"మన దేశంలో ఫోన్ రెండేసిసార్లు గబగబా మోగుతుంది. సముద్రం దాటితే ఒకటే పొడుగు కూత. మీరు ఎత్తక్కర్లేదు, నా చెవిలో మోగితే చాలు, ఎక్కడున్నారో నాకు తెలిసిపోతుంది," అందావిడ. ఆ రోజు హాల్లో సగం మంది నేలచూపులు చూశారు.

అందుకే సోమవారం దాకా ఫోన్లు రెండూ స్విచాఫ్ అని లోర్నా ముందే తీర్మానించింది. దారి కోసం పటాలు కాగితాల మీద తీయించింది. పెద్దాడు రోవన్ సంగతి పర్వాలేదు గానీ, ఆరేళ్ల ఈడీకి మాత్రం వారం నుంచీ ఒకటే పాఠం. ఎవరడిగినా జ్వరమనాలి.

"జ్వరమొస్తే పడవ ఎక్కనిస్తారా అమ్మా?" అంది ఈడీ బూటు తొడుక్కుంటూ.

"ఎక్కనిస్తారు గానీ, నేను ఫోన్ పెట్టేసేదాకా నోరు మెదపకు తల్లీ."

బయట టాక్సీ వచ్చి ఆగింది. లోర్నా గొంతు నీరసంగా మార్చుకుని బడికి ఫోన్ చేసింది. ఆఫీసులో పనిచేసే ట్రేసీ ఎత్తింది. ఇంటిల్లిపాదికీ జ్వరమని, తనూ పనికి రాలేనని చెప్పుకొచ్చింది లోర్నా.

"నీకూనా? మిసెస్ పిక్‌ఫోర్డ్‌కి కూడా నిన్న మధ్యాహ్నం నుంచి వాంతులట, మంచం దిగట్లేదట," అంది ట్రేసీ. "కానీ మన సిబ్బంది సెలవులు ఆవిడకే చెప్పాలి కదా. సెల్‌కి చెయ్యి, తప్పదు."

లోర్నా ఫోన్ పెట్టేసింది. ట్రేసీకి చెప్పడం వేరు, ఆవిడకి చెప్పడం వేరు. అందులోనూ మంచాన పడ్డ మనిషిని లేపి మరీ అబద్ధం చెప్పాలి. ఆవిడ ఒక్క దగ్గుని బట్టి దొంగ జ్వరాన్ని పట్టేయగలదు.

"మానేద్దాం కీత్. నా వల్ల కాదు."

కీత్ గుమ్మం వైపు చూపించాడు. ఈడీ తన చిన్న సంచీ భుజాన తగిలించుకుని, చెప్పినట్టే రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

లోర్నా హెడ్మిస్ట్రెస్ నంబరు నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

అవతల ఒకటే పొడుగు కూత.