గాజంత రింగు

బాస్కెట్‌బాల్ ఫైనల్లో హెబ్రోనును ఎదుటి ఆటగాడు తోసేయడంతో రెఫరీ ఈల వేసి ఫ్రీ త్రో ఇచ్చాడు. స్కోరు సమానం, టైమూ అయిపోయింది. ఇది పడితే కప్పు తమ వాకాడు జట్టుదే.

"ఇందాక ఎగిరి బంతిని రింగులో కుక్కినావే, ఊరంతా ఈలలేసినారు. ఇదెంత అబ్బయా," అని నవ్వాడు కెప్టెన్ మీరా మొహిద్దీన్.

"ఈడ రింగు దగ్గరికి పోకూడదు గదన్నా. గీత వెనకనుంచే వెయ్యాల."

"జకరయ్య మాస్టరు రోజూ వేయించేది అదే గదా."

"ఆయన అటు తిరగ్గానే నేను రింగు కిందికి పరిగెత్తేవాణ్ణన్నా."

రెఫరీ బంతి అందించాడు. ఎప్పుడూ పట్టుకుని ఊగే రింగు, ఇక్కడినుంచి గాజంత కనిపించింది. అరచేతుల చెమటకు బంతి జారుతోంది.

"అన్నా," అన్నాడు హెబ్రోను గొంతు తగ్గించి, "ముందు మోకాళ్లు వంచాల్నా, చేతులెత్తాల్నా?"

మీరా మొహిద్దీన్ నవ్వు ఆగిపోయింది.