నెత్తిమీద నిలబడితే

“గుడ్డ ఇచ్చాక నామీద వదిలేసి పోవాలి. ఇలా నెత్తిమీద నిలబడితే కుట్టు పడుతుందా?” మిషను పక్కనుంచి కదలని ఆవిడ మీద దర్జీ కస్సుమన్నాడు.

“కూతురి పెళ్లి బట్టలయ్యా. పాడవుతాయేమోనని...”

“నమ్మకం లేకపోతే వేరే కొట్టు చూసుకో!”

గుండీలు కుడుతున్న భార్య పళ్లతో దారం తెంపింది.

“అబ్బో, నమ్మకం గురించి నువ్వే చెప్పాలి! మన పాప రేపటి ఆపరేషన్ భారం ప్రభువు మీద వేసేశానని పొద్దున్నే ఆమెన్ చెప్పావు. అప్పట్నుంచి గంటకోసారి మోకరించి, ‘ప్రభువా, మర్చిపోలేదు కదా?’ అని ఆయన ప్రాణం తోడేస్తున్నావు. వేరే దేవుణ్ణి చూసుకోమని ఆయన ఒక్కసారైనా అన్నాడా?”

మిషను ఆగింది. దర్జీ తలెత్తకుండానే స్టూలు ఆవిడ వైపు జరిపాడు.

“కూర్చోండమ్మా. నిలబడితే కాళ్లు లాగుతాయి.”