ముందు కాలికి అయిదో వేలు

అన్న కూతురు ఊరెళ్తూ తన ఆక్సలాటల్‌ని, అదే ఆ నీళ్లబల్లిని, నా నెత్తిన పెట్టింది. తొట్టిలో నీళ్లు వేడెక్కి దాని ముందు పాదం వేళ్లు కుళ్లి రాలాయి. “అది చస్తే నీతో మాట్లాడను” అంది. నెలరోజులుగా చల్లనీళ్లు మార్చి మార్చి నా నడుము విరిగింది. ఊడినవి మళ్లీ మొలిచే జీవి కాబట్టి కొత్త వేళ్లయితే మొలిచాయి. ఈ రాత్రి లెక్కపెడితే అయిదున్నాయి. నాలుగే ఉండాలి. అయిదోదానికి, ఈ జాతికే లేని గోరు కూడా ఉంది.

ఫోన్ చేశాను.

“బాబాయ్, నా చెప్పులో రబ్బరు తేలు పెట్టింది చాలదా? పడుకో.”

“ఒట్టే తల్లీ! ఈసారి నేనేం చెయ్యలేదే!”

పెట్టేసింది. ఒళ్లు మండింది. లైటార్పి, నీళ్లబల్లిని ఏడిపించడానికి రోజూలాగే తొట్టి అద్దం మీద గోటితో మూడుసార్లు కొట్టాను.

లోపలినుంచి టక్ అంది. మళ్లీ టక్ అంది.

మూడోదాని కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.