కప్పు మ్యాచ్‌ల కీపర్

"చూడండబ్బాయిలూ, ఈ పెనాల్టీల్లో ఓడిపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. తొందరగా తేల్చేస్తే ఇళ్ళకి పోదాం. శనివారం లీగ్ మ్యాచ్ ఉంది," అన్నాడు మేనేజర్ బార్లో, చేతి గడియారం చూసుకుంటూ.

థార్న్‌లీ టౌన్ గోల్‌కీపర్ కెల్విన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆట చెరో గోలుతో సమమై పెనాల్టీల దాకా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నమైనా స్టేడియంలో ఒక్క వైపు గేట్లే తీశారు. అక్కడా నిండా ఆరొందల మంది లేరు. ముందు వరసలో ఒక పెద్దాయన "ఓడిపోండ్రా బాబూ, ముందు లీగ్ సంగతి చూసుకోండి" అని అందరికీ వినబడేలాగే అంటున్నాడు.

కెల్విన్ అసలు కడుపుమంట వేరు. బెంచీ మీద జట్టులో ఇంకో కీపర్ రోరీ కాళ్ళు బారజాపుకుని, దుప్పటి కప్పుకుని, జెల్లీ బిళ్ళలు నములుతున్నాడు. వారం వారం జరిగే లీగ్ ఆటకి రోరీ, ఇవాళ్టిలా ఓడితే అక్కడితో సరిపోయే కప్పు ఆటకి కెల్విన్. థార్న్‌లీలో పద్ధతి అది. ఎవరికీ అక్కర్లేని ఆట కాబట్టే తనకి వదిలారని కెల్విన్‌కి తెలుసు. ఇవాళ ఓడితే మళ్ళీ వచ్చే ఏడాది కప్పు దాకా బెంచీయే గతి.

"ఏరా, ఈ చలిలో మమ్మల్ని ఇంకా ఎంతసేపు కూర్చోబెడతావు?" అన్నాడు రోరీ.

"నీకేంరా మహారాజువి. కూర్చో." నవ్వుతూ అందామనుకున్నాడు కెల్విన్. నవ్వు రాలేదు.

మొదటి పెనాల్టీ పక్కకి దూకి ఆపాడు. నాలుగోది కాలితో అడ్డుకున్నాడు. ఐదోది వేళ్ళ కొసలతో పైకి నెట్టేశాడు. థార్న్‌లీ గెలిచింది. జట్టువాళ్ళు మొక్కుబడిగా వచ్చి భుజం తట్టారు.

"ఇంకో మ్యాచ్ అంటగట్టావు కదరా," అన్నాడు బార్లో.

"గెలవొద్దని మీరు చెప్పలేదుగా బాస్."

బట్టలు మార్చుకునే గదిలో అందరూ ఒక ఫోను చుట్టూ మూగారు. తర్వాతి రౌండులో ఎవరికి ఎవరు తగులుతారో అప్పుడే చీటీలు తీస్తున్నారు. థార్న్‌లీ పేరు వచ్చింది. దానితో జతపడిన పేరు విని గదిలో ఒక్కసారిగా అరుపులు లేచాయి. లండన్‌లో అందరికంటే పెద్ద క్లబ్బు. ఆట వాళ్ళ మైదానంలోనే. అరవై వేల మంది జనం, దేశమంతా టీవీలో చూస్తుంది. ఇందాక ఓడిపొమ్మన్న పెద్దాయన అప్పుడే గేటు దగ్గర నిలబడి టికెట్లు ఎప్పుడిస్తారని అడుగుతున్నాడట.

రోరీ నమలడం మానేశాడు. అతని మొహంలో అసూయ కెల్విన్‌కి స్పష్టంగా కనబడింది. రోజూ అద్దంలో చూసుకునేదే కాబట్టి వెంటనే గుర్తుపట్టాడు. ప్రాణం లేచొచ్చింది.

"లండన్‌లో బెంచీలు మెత్తగా ఉంటాయటరా. హాయిగా కూర్చుని చూడు," అన్నాడు.

రోరీ జెల్లీ బిళ్ళల పొట్లం సంచిలోకి విసిరేశాడు.

అంతలో బార్లో వచ్చి కెల్విన్ భుజం చుట్టూ చెయ్యేశాడు. ఆ చెయ్యి అలా పడటం అదే మొదలు.

"ఇన్నాళ్ళూ నీకు అన్యాయం చేశానురా. ఇలా ఆడేవాణ్ణి బెంచీ మీద పెట్టడం పాపం. శనివారం నుంచి లీగ్‌లో నువ్వే మన కీపర్‌వి."

కెల్విన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏళ్ళ తరబడి కుళ్ళుకుని చచ్చింది ఈ మాట కోసమే. మేనేజర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మరి నా సంగతేంటి బాస్?" అన్నాడు రోరీ, ఏడుపు గొంతుతో.

"నీకేంరా," అన్నాడు బార్లో. "మన పద్ధతి ప్రకారం కప్పు మ్యాచ్‌లు ఇక నీవి."