ఎర్ర అట్ట పుస్తకం

"ఒసే, నాను ఊరెళ్లిపోనానని సెప్పే!" అంటూ కూర్మయ్య వలలు పెట్టే గదిలోకి దూరబోయాడు.

వాకిట్లో అప్పుడే జీపు ఆగింది. దిగిన అమ్మాయి చంకలో ఎర్ర అట్ట పుస్తకం ఉంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ అట్టని కూర్మయ్య ఆమడ దూరం నుంచే గుర్తుపట్టాడు.

"ఏటి మావా, ఎందుకలగ వణికిపోతన్నావు? ఎవులా పిల్ల?" అంది అతని భార్య అసిరమ్మ.

"అది మా బెలూన్ల ఆఫీసు పుస్తకమే! నలభై రోజుల సంగతి బయటపడిపోనాది. పింఛను ఆపేస్తారు. దొంగ సంతకాలకి జైల్లో ఎడతారు."

ఈలోగా ఆ అమ్మాయి గుమ్మంలోకి రానే వచ్చింది. ఇక దాక్కునే దారి లేక కూర్మయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"కూర్మయ్య గారేనాండీ? నా పేరు రాజకుమారి. ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి వచ్చాను. ఆకాశంలో పైన వీచే గాలుల పాత లెక్కలన్నీ వెతికి కంప్యూటరుకి ఎక్కిస్తున్నాం. తప్పులుంటే దిద్దుతున్నాం. వాతావరణం ఎంత మారిందో తెలియాలంటే అప్పటి గాలి సంగతి తెలియాలి కదండీ."

తప్పులు అన్న మాట చెవిన పడగానే కూర్మయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

భావనపాడు ఒడ్డునున్న ఆ చిన్న ఆఫీసుకి ఒకప్పుడు అతనొక్కడే ఉద్యోగి. పైగాలి లెక్క కోసం రోజూ పొద్దున్నే బెలూన్ వదిలేవాడు. థియోడలైట్ అనే మూడు కాళ్ల దుర్బిణిలో కన్ను పెట్టి, అది ఎటు కొట్టుకుపోతోందో నిమిషానికోసారి చూసి కోణాలు రాసేవాడు. వదిలే ముందు ఒక నియమం ఉంది. పై అధికారులు గుర్తుగా ఎంచిన తాటిచెట్టుకి థియోడలైట్‌ని గురిపెట్టాలి. దిక్కులన్నీ ఆ చెట్టు నుంచే లెక్క. అక్కడ రెండు తాటిచెట్లుండేవి. తుపానుకి ఒకటి కూలినా, దేవుడి దయవల్ల ఆఫీసు చెట్టు నిలిచిందని దణ్ణం పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి పదకొండేళ్లు, ఆఫీసు మూసేసేదాకా, కూర్మయ్య దానికే గురిపెట్టాడు. ఒక్క పూట తప్పలేదు, ఆ నలభై రోజులు తప్ప.

రాజకుమారి పుస్తకం తెరిచింది. "తుపాను ముందటివి నీళ్లకి పోయాయట, తర్వాతవే దొరికాయి. ఈ పేజీలు చూడండి. నలభై రోజులు. సంతకం మీదే, అంకెలు మాత్రం మీ చేతివి కావు. పైగా గాలి దిక్కులు ముందువాటితోనూ కలవవు, తర్వాతవాటితోనూ కలవవు. ఉన్నట్టుండి పద్నాలుగు డిగ్రీలు పక్కకి జరిగాయి. నలభై రోజులయ్యాక మళ్లీ మామూలే. ఏమైందండీ అప్పుడు?"

కూర్మయ్య పేజీ మీదకి వంగాడు. "ఎడం సేత్తో రాసినాను" అన్నాడు. అబద్ధం ఆడటం కూడా చేతకాని మనిషి.

"ఎడం సెయ్యి కాదు, నా సెయ్యి" అంది అసిరమ్మ. "ఈయనకి పచ్చకామెర్లొచ్చి మంచం మీద పడిపోనాడు. అప్పటికింకా పర్మనెంటు అవనేదు. సెలవెడితే ఉద్యోగం ఊడిపోద్దని బెలూన్ నానే ఒగ్గినాను. అయిదో తరగతి సదివినాను, అంకెలు రావేటి?"

కూర్మయ్య గభాలున లేచి చేతులు జోడించాడు. "తల్లీ, దానికేటీ తెల్దు. శిచ్చేస్తే నాకెయ్యండి. దాన్ని ఒగ్గేయండి."

రాజకుమారి అతని వైపు చూడనే లేదు. "గురి దేనికి పెట్టారమ్మా? తాటిచెట్టుకేనా?"

"సెట్టుకా? నేదు. కొండకి. కొండ నెత్తిన మద్దిలోన పల్లంలాగ నొక్కుంటాది సూడు, దానికి."

కూర్మయ్య నెత్తి కొట్టుకున్నాడు. చెట్టుకే పెట్టమని మంచం మీంచి రోజూ చెప్పి పంపాడే! దొంగ సంతకాలు చాలవన్నట్టు ఇప్పుడు లెక్కలు కూడా తప్పేనా? ఇంక తనని ఆ దేవుడు కూడా కాపాడలేడు అనుకున్నాడు.

"కొండకెవులెట్టమన్నారే నిన్ను!"

"మా అయ్య. సముద్రం మీద సేపలున్న సోటు గుర్తెట్టుకోడానికి మా అయ్య సెట్టొక్కదాన్నీ నమ్మీవోడు కాదు. ఎనకాల కొండని కూడా కలిపి సూసీవోడు. పడవెక్కితే నీకు వాంతులు, నీకేటి తెలుస్తాది? పెళ్లయిన కొత్తల్లోన, తుపానుకి ముందు, నీకు అన్నం అట్టుకొచ్చినప్పుడు సూసినాను. మీ ఆఫీసు సెట్టు సరిగ్గా కొండ నొక్కు కిందుండీది. నాకు నొక్కు గేపకం. దానికే ఎట్టినాను."

రాజకుమారి చటుక్కున లేచింది. ఫోన్ పట్టుకుని జీపు దగ్గరికి వెళ్లిపోయింది.

"పోలీసోళ్లకే" అన్నాడు కూర్మయ్య. అసిరమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

పావుగంటకి రాజకుమారి తిరిగొచ్చింది. "ఆ నలభై రోజులకీ చుట్టుపక్కల ఆఫీసుల్లో రాసిన గాలి లెక్కలున్నాయి. పోల్చి చూడమన్నాను, చూశారు."

"తప్పేనా తల్లీ?" అన్నాడు కూర్మయ్య.

"తుపానుకి కూలిపోయింది నొక్కు కిందున్న ఆఫీసు చెట్టేనండీ. ఆ తర్వాత మీరు గురిపెట్టింది పద్నాలుగు డిగ్రీలు పక్కనున్న రెండోదానికి." ఆమె పుస్తకాన్ని తీసుకెళ్లి అసిరమ్మ ఒళ్లో పెట్టింది. "ఈ నలభై రోజులే ఒప్పు. తప్పు మీ పదకొండేళ్లది."