బెల్లు వైరు మీద తేనెపిట్ట

“ఆ గూటిమీద చెయ్యి పడిందంటే మర్యాద దక్కదు, ముందే చెబుతున్నా,” అంది నర్సమ్మ.

స్టూలెక్కిన ఎలక్ట్రీషియన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వీధి తలుపు పక్క స్విచ్చి నుంచి లోపలికి పోయే బెల్లు వైరు ఒకచోట వదులై కిందికి జారింది. సరిగ్గా అక్కడే తేనెపిట్ట గూడు వేలాడుతోంది.

“బెల్లు మోగడం లేదని పిలిచింది మీరే కదమ్మా. వైరు లాగాలంటే గూడు తియ్యాలి.”

“గూడు తియ్యకూడదు. బెల్లు మోగాలి.”

“అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలాగమ్మా?”

“నాకు రెండూ కావాలి నాయనా. లోపల పిల్లలున్నాయి.”

గూటి కన్నంలోంచి వంకీ తిరిగిన సన్నని ముక్కు ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక మెరిసే కళ్ళు. పిట్ట మొత్తం కలిపినా అతని పిడికిలంత లేదు, అయినా ఎవడివిరా నువ్వు అన్నట్టు చూసింది.

“చూశావా, గూటి గుమ్మంమీద చూరు కూడా దించుకుంది,” నర్సమ్మ గొంతు మెత్తబడింది. “వాన జల్లు కొడుతుందని దానికెవరు చెప్పారో. సాలెగూళ్ళు ఏరుకొచ్చి, ఎండుటాకులు అతికించి, అంతా అదొక్కతే కట్టుకుంది. మొగుడుగారున్నాడు, నీలంగా నిగనిగలాడుతూ, పుల్లముక్క ముట్టలేదు. ఎదురుగా కూచుని పాటలు పాడాడు.”

“మా కాంట్రాక్టరూ అంతేనమ్మా.”

ఆమె నవ్వేసింది. నవ్వాక ఇక మాటలు ఆగలేదు. అతను రోజూ పదిళ్ళు తిరిగేవాడు. మనిషి మాటకి మొహం వాచిన ఇల్లేదో గుమ్మంలోనే పసిగడతాడు.

“బెల్లు పాడై ఎన్నాళ్ళయింది?”

“నేను రిటైరైనప్పటి నుంచీ. ఆస్పత్రిలో ఆఖరి రోజున మా వార్డు అమ్మాయిలు ఒకటే ఏడుపు. ఆదివారం ఆదివారం వస్తామక్కా, నిన్ను వదిలేది లేదు అన్నారు. ఒక్కరూ రాలేదంటే ఏమనుకోవాలి? వస్తారు, నొక్కుతారు, మోగదు, వెళ్ళిపోతారు. ఇంట్లో ఉండి కూడా తలుపు తియ్యలేదనుకుంటారు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగదు.”

“తలుపు తట్టరా?”

“నేను వెనక వంటింట్లో ఉంటాను. వినపడదు.”

“ఒక ఫోనైనా చెయ్యచ్చుగా?”

“డ్యూటీలో వాళ్ళకి ఊపిరి సలపదు. నాకు తెలీదూ?”

“పోనీ మీరెప్పుడైనా నొక్కి చూశారా?”

“ఇప్పుడు నొక్కితే గూడు అదురుతుందని భయం. అంతకుముందంటావా, నా ఇంటికి నేనే బెల్లు కొట్టుకుంటానా?”

అతను స్విచ్చి వైపు ఒకసారి చూశాడు.

“ఉండు, టీ తాగి చేద్దువుగాని,” అంటూ ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. “ఇద్దరికి సరిపడా పాలు కొని ఎన్నాళ్ళయిందో. వీధి చివర కొట్టుకెళ్ళి చిటికెలో వచ్చేస్తా.” గేటు దాటాక కూడా వెనక్కి తిరిగి గూడు జాగ్రత్త అని చెప్పి వెళ్ళింది.

ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, అతను స్టూలు దిగి స్విచ్చి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. గూడు ఏమాత్రం కదల్లేదు. పిట్ట ముక్కు ఒకసారి లోపలికి పోయి మళ్ళీ బయటికి వచ్చింది. తెరిచిన తలుపులోంచి హాలు కనిపిస్తోంది. గోడ వారగా ఆరు కుర్చీలు, ఆరింటికీ ఉతికి ఆరేసిన కవర్లు. ఒక్కదానిమీదా కూచున్న ముడత లేదు. అతను వాటిని ఒక్కొక్కటే చూశాడు. తరవాత సంచీ విప్పాడు.

నర్సమ్మ పాల ప్యాకెట్టుతో ఆయాసపడుతూ వచ్చింది.

“ఏం తేలింది?”

ఆస్పత్రి వరండాలో డాక్టరుకి అడ్డంపడి అడిగేవాళ్ళ గొంతులా ఉంది ఆమె గొంతు.

“వైరు కదలకుండా నేను పట్టుకుంటాను. మీరే నొక్కి చూడండి.”

ఆమె భయంభయంగా నొక్కింది. చప్పుడు లేదు. ఈసారి గట్టిగా నొక్కిపట్టింది. ఇల్లు ఉలకలేదు, పలకలేదు. నర్సమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం మాత్రం వెలిగిపోయింది.

“నేను చెప్పలా? మోగడం లేదు. మా వాళ్ళు మాట తప్పే మనుషులు కారు.”

“గూట్లో పిల్లలు ఎగిరిపోయాక కొత్త వైరు వేద్దాంలెండి. ఈలోగా నేనే అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతాను. తలుపు గట్టిగా తడతాను.”

“పాపం, ఎంతమంది వచ్చి తిరిగి వెళ్ళారో,” అంది ఆమె పైటచెంగుతో కళ్ళొత్తుకుంటూ.

“చాలామందే వచ్చి ఉంటారమ్మా,” అన్నాడు ఎలక్ట్రీషియన్, ఇందాక తను నొక్కగానే ఇల్లంతా మారుమోగిన ఆ బెల్లు నుంచి కత్తిరించిన వైరు ముక్కని జేబులోకి తోసేస్తూ.