మూడు కిలోమీటర్ల లోపు

ఆ మనిషి ఈ రోజు కూడా వచ్చాడు.

ఉదయశ్రీ కర్టెన్ సందులోంచి చూసింది. రోడ్డుకు అవతల, లచ్చమ్మ టీ బండి పక్కన, స్టూలు మీద అదే భారీ శరీరం, అదే గుబురు మీసం. ఒళ్లో గుడ్డ సంచి. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. చూపు మాత్రం ఆమె గేటు మీదే.

ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"మేడం, నీ వీడియో చూసినం. ఒక్కదానివే ఉంటవంట గద?"

వెకిలి నవ్వు. కట్ అయింది.

ఆమె మళ్లీ బయటికి చూసింది. వాడి చేతుల్లో ఫోన్ లేదు, సంచే ఉంది. అంటే వీడికి తోడు ఇంకొకడు కూడా ఉన్నాడన్నమాట!

అంతా ఆ ప్రకటన వల్లే.

భర్త హేమంత్ ఆఫీసు పని మీద పుణె వెళ్లాక, మణికొండలోని ఈ అద్దె ఇంట్లో ఆమె లేడీస్ టైలరింగ్ మొదలుపెట్టింది. తనే ఫోన్ ముందు నిలబడి వీడియో తీసుకుంది. చుట్టుపక్కల మూడు కిలోమీటర్ల లోపు అందరి ఫోన్లలో కనిపించేలా, తన నంబరుతో సహా ప్రకటన ఇచ్చింది.

"ఎలాంటి కొలతలకైనా జాకెట్లు కుడతానండీ. పాత పోస్టాఫీసు వెనక వీధి. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను, మగవాళ్లెవరూ ఉండరు. మొహమాటపడకుండా రండి!"

ఆడవాళ్లకు ధైర్యంగా ఉంటుందని అన్న మాట అది.

ఆడవాళ్లు రాలేదు. వీడొచ్చాడు.

"పోలీసులకు చెప్పక్కా," అంది పై అంతస్తు స్వప్న.

"ఏమని చెప్పను? ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడనా?"

ఆ సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది.

గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది.

వాడే!

"గా వీడియో తీసెయ్ బిడ్డా," గొంతు తగ్గించి అన్నాడు. "మంచిగుండది."

ధడాల్న తలుపు వేసేసింది. అవతల ఇంకేదో అంటున్నాడు. వినలేదు. పై గడియ, కింది గడియ రెండూ బిగించి, కుట్టుమిషను లాక్కొచ్చి తలుపుకు అడ్డం పెట్టింది.

విషయం విని స్వప్న మండిపడింది.

"ఇంటికొచ్చి మరీ బెదిరించాడా! వీడియో చూసే కదక్కా వచ్చాడు? వాణ్ని కూడా వీడియోలోనే పెట్టు. కాలనీ అంతా చూస్తుంది."

మర్నాడు కిటికీ దగ్గర నిలబడి, వాణ్ని వీడియో తీసింది. టీ బండి, స్టూలు, వాడి మొహం, సంచి.

"జాగ్రత్త! ఒంటరి ఆడవాళ్ల ఇళ్ల ముందు కాపు కాస్తున్నాడు. ఆ సంచిలో ఏముందో ఎవరికీ తెలీదు."

మళ్లీ అదే మూడు కిలోమీటర్లు.

జాకెట్ల వీడియోకు దిక్కులేదు గానీ, దీన్ని మాత్రం జనం విరగబడి చూశారు.

ఆ మర్నాడే బైకుల మీద కుర్రాళ్లు దిగారు.

"సంచిల ఏముంది బే? తియ్!"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"తియ్యవా?"

మొదటి దెబ్బ పడింది. తర్వాత వరసగా పడ్డాయి. వాడు మొహానికి చేతులు అడ్డం పెట్టుకోలేదు. సంచినే కడుపుకు అదుముకున్నాడు. చివరికి ఆ గందరగోళంలో అది జారి టీ బండి కిందికి పోయింది. కుంటుకుంటూ మలుపు తిరిగి మాయమయ్యాడు.

ఉదయశ్రీ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

పొద్దుగూకుతుండగా లచ్చమ్మ వచ్చింది. చేతిలో ఆ సంచి.

"ఏందమ్మా, గట్ల కొట్టిపిస్తరా మనిషిని?"

"నీకు తెలీదు లచ్చమ్మా. వాడు..."

"నాకెర్క లేకుంటే ఎవరికి ఎర్కుంటది? నా బండికాడనే గద కూసున్నడు. మొగిలన్న ఆయన పేరు. ఫోన్ల నీ వీడియో పట్టుకొని గీ వీధిల నీ ఇల్లు అడిగెటోళ్లకు, 'ఆమె ఖాళీ జేసి పోయింది' అని రోజూ మలిపి పంపెటోడు."

ఉదయశ్రీ సంచి వైపు చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"బిడ్డ భయపడ్తది, చెప్పకు అన్నడు. ఆఖరుకు ఆగలేక తానే చెప్పనీకి వస్తే నువ్వు మొకం మీదనే తలుపేస్తివి."

సంచి చేతిలో పెట్టింది.

"ఫస్టు రోజు ఇది నీకిద్దామనే వచ్చిండు. నీ ఇల్లు అడుగుతున్న పోరగాళ్లను జూసి ఆడనే కూసుండిపోయిండు. ఆయన ఇల్లు యాడనో నాకు గుడ ఎర్కలేదు. నేను బండి బంద్ జేస్తున్నమ్మా."

లచ్చమ్మ వెళ్లిపోయింది.

సంచిలో మడత విప్పని జాకెట్ గుడ్డ. దాని కింద కొలతకిచ్చే ఆది జాకెట్టు. ఎడమ చెయ్యి కుట్లు విప్పి, వాచిన చేతికి సరిపడేలా పిన్నులు పెట్టి ఉంది. లోపల ఎడమవైపు, చేత్తో కుట్టిన చిన్న దూది దిండు.

టైలరు కళ్లకు అది చాలు. రొమ్ముకు ఆపరేషనైన మనిషి. మగ టైలరు దగ్గరికి వెళ్లలేని మనిషి. 'మగవాళ్లెవరూ ఉండరు' అన్న మాట నమ్మి, భర్తను పంపిన మనిషి.

అన్ని దెబ్బలు తిన్నా ఆ సంచి ఎందుకు తెరవలేదో ఉదయశ్రీకి అర్థమైంది.

గేటు కిర్రుమంది.

అడుగులు. ఒకరివి కాదు.

"మేడం!" తలుపు అవతల ఫోన్‌లో విన్న గొంతు, అదే నవ్వు. "కొత్త వీడియోల టీ బండి మంచిగ కనవడ్డది. దానికి ఎదురు కిటికీ నీదే గద?"

ఉదయశ్రీ పరుగెత్తుకెళ్లి, మొగిలన్న అక్కడే ఉండాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ, కర్టెన్ పక్కకు లాగింది.